తెగ తవ్వే పిల్లికి ఎలాంటి లిటర్ బాక్స్ కావాలి? చూడటం, కొలవడం, కొనడం, మార్చడం

తెల్లవారుజామున ఐదింటికి మా బాత్రూమ్‌లోంచి గరగరమని చప్పుడు మొదలవుతుంది. మా పిల్లి పండు తవ్వుతోందన్నమాట. ముందు ఒక మూల తవ్వుతుంది, నచ్చదు. వెనక్కి తిరిగి ఇంకో మూల తవ్వుతుంది. పని అయ్యాక పూడ్చడం ఇంకా పెద్ద తతంగం. వంగి వాసన చూస్తుంది, ముందుకాలితో లాగుతుంది, మళ్ళీ వాసన చూస్తుంది, ఇంకా తృప్తి లేక పక్కనున్న టైల్స్ గోడను కూడా నాలుగు గీకులు గీకి బయటికొస్తుంది. నేను కాఫీ పెట్టుకుందామని వంటగదిలోకి వెళ్తుంటే అరికాలికి సన్నటి గింజలు గుచ్చుకుంటాయి.

మొదటి ఏడాది నేను చీపురు పట్టుకుని దాని వెనకాలే తిరిగాను. లిటర్ బాక్సులు, అంటే ఇంట్లో పిల్లి మలమూత్రాలకు మట్టి పోసి పెట్టే ట్రేలు, రెండు మార్చాను, రెండూ షాపులో అందంగా ఉన్నవే. ఊరి నుంచి వచ్చిన అమ్మ ఒక పూట చూసి, "పెరట్లో తిరగాల్సిన పిల్లికి పళ్ళెం పెట్టావేంటే?" అంది. అసలు విషయం అదే. తవ్వడం పిల్లి మానుకోవాల్సిన అలవాటు కాదు. తవ్వడానికి సరిపడా లోతు, తిరగడానికి చోటు, విసిరిన మట్టిని ఆపేంత గోడ మనం ఇవ్వాలి. ఆ మూడూ ఉన్న బాక్స్‌ను ఎంచుకోవడం ఎలాగో ఒక్కో మెట్టుగా చెబుతాను.

తవ్వకం వెనక సంగతి

ఇంటి పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా అడవిపిల్లులు, ఫెలిస్ లిబికా. పొడి నేలల్లో, ఇసుకలో బతికిన జాతి. గొయ్యి తీసి, పని చేసి, వాసన బయటికి రాకుండా పూడ్చడం వాటి నుంచి వచ్చిందే. మన వీధుల్లో ఎవరైనా ఇల్లు కడుతూ ఇసుక పోయిస్తే రెండో రోజుకల్లా ఊళ్ళో పిల్లులన్నీ ఆ కుప్ప మీదే ఉంటాయి. ఎవరూ నేర్పలేదు. కాలికి తగిలిన ఇసుకే పిలుస్తుంది.

మనం ఇప్పుడు కొనే లిటర్, అంటే ఆ ట్రేలో పోసే గింజలు కూడా అలా పుట్టినవే. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒకావిడ పిల్లికి పొయ్యి బూడిద వాడుతూ, ఇల్లంతా మసి అడుగులు పడుతున్నాయని ఎడ్వర్డ్ లో (Edward Lowe) అనే ఆయన్ని ఇసుక అడిగింది. ఆయన దగ్గర నూనె పీల్చడానికి అమ్మే బంకమట్టి గింజలు ఉన్నాయి, అవి ఇచ్చాడు. వ్యాపారం అక్కడి నుంచి మొదలైంది. తడి తగలగానే గడ్డకట్టే బెంటోనైట్ అనే బంకమట్టి రకం 1980లలో వచ్చింది. మన దేశంలో బెంటోనైట్ మట్టిని గుజరాత్‌లోని కచ్ఛ్‌లో, రాజస్థాన్‌లోని బాడ్మేర్ వైపు తవ్వుతారు.

మొదటి మెట్టు: ఇది అలవాటా, జబ్బా?

బాక్స్ కొనేముందు ఇది తేల్చుకోండి. చిన్నప్పటి నుంచీ ఎక్కువ తవ్వే పిల్లి వేరు, ఉన్నట్టుండి తవ్వకం మొదలుపెట్టిన పిల్లి వేరు. మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్ళి తవ్వి, కూర్చుని, చుక్క చుక్కగా పోస్తోందా? అరుస్తోందా? వెనక భాగం అదేపనిగా నాక్కుంటోందా? మూత్రంలో ఎరుపు కనిపించిందా? అయితే అది మూత్రాశయం వాపు కావచ్చు, రాళ్ళు కావచ్చు. మలబద్ధకం ఉన్న పిల్లి కూడా ఇలాగే తవ్వి తవ్వి, ఏమీ చేయకుండా బయటికొస్తుంది.

మగపిల్లి విషయంలో ఇంకా జాగ్రత్త. దాని మూత్రనాళం సన్నగా ఉంటుంది, పూర్తిగా మూసుకుపోవచ్చు. ముక్కుతోంది కానీ చుక్క కూడా రావట్లేదంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. దీనికి ఏ బాక్సూ మందు కాదు.

తిండి మామూలుగా తింటోంది, ఆటలాడుతోంది, లిటర్‌లో రోజుకు రెండు నుంచి నాలుగు మంచి మూత్రపు గడ్డలు పడుతున్నాయి, కానీ తవ్వకం మాత్రం విపరీతం. అలాంటి పిల్లి కోసమే మిగతాదంతా.

రెండో మెట్టు: రెండు రోజులు ఊరికే చూడండి

అందరూ దాటేసేది ఈ పనే, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది కూడా ఇదే. ఇప్పుడున్న ట్రే కింద పాత దుప్పటి ఒకటి పరవండి, ముదురు రంగుదైతే మంచిది. ట్రే వెనక గోడకు మూడడుగుల ఎత్తు వరకు న్యూస్‌పేపర్ అంటించండి. రెండు రోజులు ఊడవొద్దు. గింజలు ఏ వైపు పడుతున్నాయి, ఎంత దూరం పోతున్నాయి, పేపర్ మీద తడి మరకలు ఏ ఎత్తులో ఉన్నాయి, ఇవన్నీ దుప్పటే చెబుతుంది.

నేను చూసినప్పుడు పండు మట్టిని పక్కలకు విసరడం లేదని తెలిసింది. కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తోస్తోంది, అదీ ఎప్పుడూ తలుపు వైపుకే. ఎడమ పక్క దుప్పటి మీద గింజ కూడా లేదు. అంటే నాలుగు వైపులా ఎత్తు గోడలు కడితే ఒక పక్క సొమ్ము దండగ అయ్యేదన్నమాట.

తవ్వకం రకరకాలు. వెనక్కి విసిరే పిల్లికి గోడ ఎత్తు ముఖ్యం. అడుగు తగిలేదాకా తవ్వి ప్లాస్టిక్‌ను గీకే పిల్లికి కావాల్సింది లిటర్ లోతు. మట్టి వదిలేసి బాక్స్ అంచునూ, పక్క గోడనూ, బయట నేలనూ గీకుతోందంటే చాలాసార్లు బాక్స్ ఇరుకైంది, లేదా మురికిగా ఉంది, లేదా ఆ లిటర్ కాలికి నచ్చలేదు. మరి మూడు నాలుగు నెలల కూనలైతే ఆటకే తవ్వుతాయి. వాటికి ఖరీదైన బాక్స్ తొందరపడి కొనొద్దు. పెద్దయ్యాక చాలావరకు తగ్గుతుంది.

ఇంకోటి కూడా గమనించండి: మూత్రం కూర్చుని పోస్తోందా, పోస్తూ పోస్తూ పైకి లేస్తోందా? గోడ మీది పేపర్‌కు ఆరేడు అంగుళాల ఎత్తులో తడి తగిలితే రెండోదే. అలాంటి పిల్లికి అతుకులున్న బాక్స్ అస్సలు పనికిరాదు.

మూడో మెట్టు: పిల్లిని కొలవండి

పిల్లి పడుకుని సాగినప్పుడు ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా టైలర్ టేపుతో కొలవండి. బాక్స్ లోపలి పొడవు దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. పండు 18 అంగుళాలు, కాబట్టి 27 అంగుళాల బాక్స్. షాపుల్లో "పెద్ద సైజు" అని రాసి ఉండే ట్రేలు చాలావాటికి ఇంత పొడవు ఉండదు. వెడల్పు కూడా పిల్లి మీసాలు గోడలకు తగలకుండా గుండ్రంగా తిరగగలిగేంత ఉండాలి.

షాపుకు టేపు పట్టుకెళ్ళండి. డబ్బా మీద రాసేది సాధారణంగా పై అంచు కొలత. అడుగుకు వచ్చేసరికి రెండు మూడు అంగుళాలు తగ్గిపోతుంది. పిల్లి నిలబడేది అడుగు మీద కాబట్టి అక్కడే కొలవండి.

నాలుగో మెట్టు: గోడ ఎత్తును మట్టి పైనుంచి లెక్కపెట్టండి

నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. ఆరు అంగుళాల ట్రే అని కొన్నాను. అందులో మూడు అంగుళాల లిటర్ పోశాక మిగిలిన గోడ మూడే అంగుళాలు. తవ్వే పిల్లి ముందు మూడు అంగుళాల గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మామూలు పిల్లికి రెండు మూడు అంగుళాల లిటర్ చాలు. తవ్వే పిల్లికి మూడు నుంచి నాలుగు పోయండి. అడుగు తగలకపోతే గీకుడు చప్పుడు సగం తగ్గుతుంది, తడి గడ్డ ప్లాస్టిక్‌కు అంటుకోదు. ఆపైన ఎనిమిది తొమ్మిది అంగుళాల గోడ కావాలి. అంటే మొత్తం ఎత్తు 12 అంగుళాలు. మట్టిని మరీ బలంగా విసిరే పిల్లికీ, నిలబడి పోసే పిల్లికీ 14 దాకా వెళ్ళండి.

లోపలికి దిగే దారి మాత్రం తక్కువ ఎత్తులోనే ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నేల నుంచి ఐదారు అంగుళాలు చాలు. పదేళ్ళు దాటిన పిల్లులకు కీళ్ళ నొప్పులు మామూలే, వాటికి మూడు నాలుగు దాటనివ్వొద్దు. ఆ దారి దగ్గర లిటర్ పల్చగా, వెనక వైపు మందంగా పోయండి.

లిటర్ ఎంత పడుతుందో కూడా కొనేముందే లెక్క వేసుకోండి. అడుగు పొడవు, వెడల్పు, లిటర్ లోతు మూడూ సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 65 × 42 × 8 అయితే ఇంచుమించు 22 లీటర్లు. బెంటోనైట్ లీటరు కిలోకి కొంచెం అటూ ఇటూగా తూగుతుంది. మొదటిసారి 10 కిలోల సంచులు రెండు కావాలన్నమాట. చూడ్డానికి ఎక్కువే. కానీ గడ్డలు తీసేసినంత మేరకు కలుపుకుంటూ పోవడమే కాబట్టి తర్వాత ఖర్చు పెద్దగా పెరగదు.

ఐదో మెట్టు: ఏ రకం బాక్స్?

నా ఓటు మూత లేని, మూడు వైపులా ఎత్తు గోడలున్న, అతుకు లేని ఒకే ముక్క బాక్స్‌కు. తవ్వడానికి చోటు, గాలి, నాలుగు దిక్కులా చూపు అన్నీ ఉంటాయి. శుభ్రం చేయడం కూడా తేలిక.

స్టీల్ బాక్స్ మంచిదే. ప్లాస్టిక్ మీద గోళ్ళ గీతలు పడతాయి, ఆ గీతల్లో మూత్రం చేరి ఎంత కడిగినా వాసన పోదు. తవ్వే పిల్లికి ప్లాస్టిక్ బాక్స్ ఏడాదికల్లా అలా తయారవుతుంది. స్టీల్‌కు ఆ బాధ లేదు. కాకపోతే చాలా స్టీల్ ట్రేలు నాలుగు నుంచి ఆరు అంగుళాలే ఉంటాయి, పైన ప్లాస్టిక్ గోడ తగిలించి అమ్ముతారు. ఆ గోడ ఎలా కూర్చుంటుందో షాపులోనే చూడండి. పై గోడ అంచు స్టీల్ ట్రే లోపలికి దిగితే మూత్రం గోడ మీదుగా జారి ట్రేలోనే పడుతుంది. బయటి వైపు కూర్చుంటే సందులోంచి నేల మీదికి కారుతుంది. ఈ ఒక్కటి చూసుకుంటే చాలా తలనొప్పి తప్పుతుంది. స్టీల్ మీద గోళ్ళ చప్పుడు ఎక్కువ కాబట్టి పడకగది పక్కన పెట్టేవాళ్ళు లిటర్ లోతు అస్సలు తగ్గించొద్దు.

మూత ఉన్న గూడు లాంటి బాక్స్ గింజల్ని బాగా ఆపుతుంది. కొన్ని పిల్లులు ఇష్టంగానే వెళ్తాయి. కానీ వాసనా దుమ్మూ లోపలే ఉండిపోతాయి, కంటికి కనపడదు కాబట్టి మనం తీయడం మర్చిపోతాం. ఇది కొంటే ముందున్న తలుపు రేకు పీకేయండి, పిల్లి లోపల వంగకుండా నిలబడగలదో లేదో చూడండి.

పైనుంచి దూకే రకం, అంటే మూతకు గుండ్రటి రంధ్రం ఉండేది, మట్టి చిమ్మడాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఒకటి నుంచి ఏడెనిమిదేళ్ళ వయసున్న చురుకైన పిల్లికి బాగుంటుంది. కూనలకు, ముసలివాటికి, లావెక్కిన వాటికి, కడుపుతో ఉన్నవాటికి వద్దు.

కింద జల్లెడ ఉన్న ట్రేలు, గది మూలలో ఇమిడే త్రికోణపు చిన్న ట్రేలు తవ్వే పిల్లికి పనికిరావు. అడుగున కవరు వేయడం కూడా మానేయండి, మొదటి రోజే గోళ్ళకు చిక్కి పీలికలవుతుంది.

ఆరో మెట్టు: ఇంట్లోనే చేసుకోవడం

మా ఇంట్లో ఇప్పుడున్నది బట్టలు, దుప్పట్లు దాచుకునే ప్లాస్టిక్ స్టోరేజ్ బాక్సే. కావాల్సిన పొడవూ ఎత్తూ రెండూ అందులోనే దొరికాయి, రెడీమేడ్ బాక్స్ కంటే చవక కూడా.

డబ్బా గోడను బొటనవేలితో నొక్కి చూడండి. వంగి మళ్ళీ యథాస్థితికి రావాలి. అద్దంలా గట్టిగా, పెళుసుగా ఉన్నది కోస్తుంటే పగులుతుంది. అడుగున త్రికోణం గుర్తులో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్, మన పనికి సరైనది. మూత పక్కన పెట్టేయండి.

పొట్టి వైపు గోడ మీద మార్కర్‌తో యు ఆకారం గీయండి. వెడల్పు 9 లేదా 10 అంగుళాలు, కింది గీత నేల నుంచి ఐదారు అంగుళాల ఎత్తులో. ముందుగా యు కింది రెండు మూలల్లో డ్రిల్‌తో చిన్న రంధ్రాలు వేయండి, అప్పుడు పగులు ముందుకు పాకదు. తర్వాత హాక్సా బ్లేడుతో నెమ్మదిగా కోసుకుంటూ రండి. బ్లేడుకు ఒక చివర పాతగుడ్డ చుట్టుకోండి. కోసిన అంచును గరుకు కాగితంతో రుద్ది, మీ ముంజేతిని దాని మీద జరిపి చూడండి. మీ చర్మానికి గుచ్చుకుంటే పిల్లి పొట్టకు కూడా గుచ్చుకుంటుంది. నేను పాత నీళ్ళ పైపు ముక్కను పొడవునా చీల్చి ఆ అంచుకు తొడిగాను. టేపు అంటించొద్దు, తడి పీల్చి వాసన పట్టేస్తుంది.

ఏడో మెట్టు: లిటర్

పిల్లులు ఎక్కువగా ఇష్టపడేది సన్నటి గింజ ఉన్న, గడ్డకట్టే, వాసన లేని రకం, అంటే మామూలు బెంటోనైట్. లావెండర్, నిమ్మకాయ అని రాసి ఉన్నవి మన ముక్కు కోసం చేసినవే. తవ్వే పిల్లి మూతిని అందులోనే పెట్టి పనిచేస్తుంది, దానికి ఆ ఘాటు నరకం.

సోయా పిప్పితో చేసే టోఫు లిటర్ తేలిక, దుమ్ము తక్కువ. తేలిక కాబట్టే బలంగా విసిరితే దూరం పోతుంది. వానాకాలంలో, అందులోనూ కోస్తాలో, తేమకు బూజు పడుతుంది, పురుగు పడుతుంది. వాడేవాళ్ళు బియ్యం డబ్బాలాంటి బిగుతు మూత డబ్బాలో దాచుకోండి. చెక్క గుళికలు ఇల్లంతా పాకవు కానీ చాలా పిల్లులకు కాలికి గుచ్చుకున్నట్టుండి నచ్చవు. లిటర్ మార్చాలనుకుంటే పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ పది రోజులు తీసుకోండి. రెండు నెలల లోపు కూనలకు గడ్డకట్టే రకం వాడకండి, అవి నోట్లో పెట్టుకుంటాయి. ఏ మట్టి రకాన్నీ కమోడ్‌లో వేయొద్దు, పైపులో ఉబ్బి గడ్డకడుతుంది.

వీధిలో పోసిన ఇసుక తెచ్చి వేయడం మాత్రం వద్దు. వేరే పిల్లులు దాన్ని ఎప్పుడో వాడేసి ఉంటాయి. పురుగులు, జబ్బులు మన ఇంట్లోకి వస్తాయి.

ఎనిమిదో మెట్టు: ఎక్కడ, ఏ దిక్కుకు

తిండి గిన్నెకు దూరంగా, వాషింగ్ మెషీన్ పక్కన కాకుండా, పిల్లికి పారిపోయే దారి కనిపించే చోట పెట్టండి. ఒక పిల్లికి రెండు బాక్సులు, రెండు పిల్లులకు మూడు అన్నది పశువైద్యులు చెప్పే లెక్క. తవ్వే పిల్లికి ఇది నిజంగా పనిచేస్తుంది. శుభ్రమైన చోటు వెంటనే దొరికితే వెతుక్కుంటూ కెలకడం తగ్గుతుంది.

కోసిన దారిని గదిలోకి కాకుండా గోడ వైపుకు తిప్పి, గోడకూ బాక్స్‌కూ మధ్య పది అంగుళాల సందు వదలండి. దారిలోంచి చిమ్మిన గింజలు గోడకు తగిలి అక్కడే పడతాయి. పిల్లి ఆ సందులోంచి నడిచి వచ్చేసరికి కాళ్ళకున్నవి కూడా రాలిపోతాయి. ఆ సందులో కన్నాలున్న రబ్బరు డోర్‌మ్యాట్ వేయండి. మా ఇంట్లో ఊడ్చే పని బాగా తగ్గింది ఈ చిన్న మార్పుతోనే.

తొమ్మిదో మెట్టు: శుభ్రత

ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి గడ్డలు తీయండి. పాత గడ్డ కాలికి తగిలిన ప్రతిసారీ పిల్లి దాన్ని వదిలేసి కొత్త చోటు తవ్వుతుంది. చాలా ఇళ్ళలో సగం తవ్వకానికి కారణం ఇదే. నెలకోసారి మొత్తం ఖాళీ చేసి వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి.

ఫినాయిల్ వాడొద్దు. డెటాల్ వాడొద్దు. మనకు శుభ్రం అనిపించే ఆ వాసన వెనకున్న ఫినాల్ రకం రసాయనాలను పిల్లి కాలేయం అరిగించుకోలేదు. తవ్వే పిల్లి పాదాలకు అంటిన ప్రతిదీ నాలుక మీదికి వెళ్తుంది. బ్లీచ్‌ను మూత్రం మీద పోస్తే విషవాయువు వస్తుంది, అదీ వద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే గడ్డలు తీసే పని ఇంకొకరు చేయాలి, టాక్సోప్లాస్మా అనే క్రిమి భయం ఉంది. ఆ క్రిమి మలంలోంచి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి రోజూ తీసేయడమే మంచి కాపుదల.

చివరి మెట్టు: పాతది వెంటనే పారేయకండి

కొత్త బాక్స్‌ను పాతదాని పక్కనే పెట్టండి. లిటర్ మాత్రం అదే రకం ఉండాలి. పాతదాంట్లోంచి రెండు గరిటెల వాడిన లిటర్ తీసి కొత్తదాంట్లో వేయండి, తన వాసన తనకు తెలుస్తుంది. ఎత్తుకుని తీసుకెళ్ళి లోపల దించడం, కాళ్ళు పట్టుకుని తవ్వించడం చేయకండి, భయపడి దూరమవుతుంది. పండు మొదటి మూడు రోజులు కొత్తదాని చుట్టూ తిరిగి అంచు మీద గడ్డం రుద్ది వెళ్ళిపోయింది. నాలుగో రాత్రి దిగింది. వారం పది రోజులు వరసగా కొత్తదాన్నే వాడిందని తేలాక పాతది తీసేయండి.

అప్పుడు ఆ పాత దుప్పటి మళ్ళీ పరిచి ఇంకో రెండు రోజులు చూడండి. గింజలు ఇంకా దారి ముందే పడుతుంటే యు కోత వెడల్పు ఎక్కువైంది, పక్కలకు పడుతుంటే గోడ చాల్లేదు, దుప్పటి మీద ఏమీ లేదు కానీ రాత్రిళ్ళు గరగర ఆగలేదంటే లిటర్ ఇంకో అంగుళం పోయాలి.